రెండు నెలల కుందేలు పిల్లలకు ఆకుకూరలు, కొత్త ఎండుగడ్డి ఎలా అలవాటు చేయాలి?

ప్రశ్న: జున్నూ మిరియమూ (విజయవాడ)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో 20 రోజులుగా రెండు కుందేలు పిల్లలను పెంచుతున్నాం. తెల్లదానికి జున్ను అనీ, నల్లదానికి మిరియం అనీ మా అమ్మాయి పేర్లు పెట్టింది. దుకాణంలో 40 రోజుల పిల్లలని చెప్పి అమ్మారు కనుక, ఆ మాట నిజమైతే ఇప్పుడు వాటి వయస్సు రెండు నెలలు. వంటింటి త్రాసు మీద స్టీలు గిన్నె పెట్టి అందులో కూర్చోబెట్టి తూచితే జున్ను 780 గ్రాములు, మిరియం 710 గ్రాములు తూగాయి.

తెచ్చిన రోజు నుంచి దుకాణంలో ఇచ్చిన పెల్లెట్లు (మేత గుళికలు), ఒక పొట్లం తిమోతి అనే ఎండుగడ్డి మాత్రమే పెడుతూ వచ్చాం. మొన్న ఆదివారం రైతు బజారులో పాలకూర, కొత్తిమీర కొని, ఒక కొట్టు దగ్గర తీసి పక్కన పడేసిన క్యాబేజీ పై ఆకులు కూడా అడిగి తెచ్చాను. అదే సాయంత్రం మాకు పాలు పోసే ఆయన తన గేదెల కోసం కోసిన లూసర్న్ అనే పచ్చిమేత ఒక కట్ట ఇచ్చారు. అన్నీ కలిపి పళ్లెంలో పెడితే రెండూ ఎగబడి తిన్నాయి, చూసి మేమంతా మురిసిపోయాం. సోమవారం ఉదయానికి మిరియం తోక కింద బొచ్చుకు మెత్తటి మలం అంటుకొని ఉంది. కింద పరచిన కాగితం మీద పెంటికలు గుండ్రంగా విడివిడిగా కాకుండా ముద్దలుగా కనిపించాయి. భయపడి ఆకులన్నీ తీసేసి ఎండుగడ్డి, పెల్లెట్లు, నీళ్లు మాత్రమే ఉంచితే మంగళవారం రాత్రికి మళ్లీ మామూలుగా వచ్చాయి. జున్నుకు మాత్రం ఏమీ కాలేదు.

ఇప్పుడు నాకున్న సందేహాలు ఇవి. ఆకుకూరలు ఏ వయస్సులో, వేటితో, ఎంత మోతాదుతో మొదలుపెట్టాలి? తిమోతి గడ్డి తెప్పించుకోవడం ఖరీదైన వ్యవహారం. దాని బదులు వరిగడ్డి గానీ గరిక గానీ వేయవచ్చా, వేస్తే ఎలా మార్చాలి? ఇంకొక మాట: కుందేలుకు నీళ్లు పెట్టకూడదనీ, తడి ఆకు తింటే పారుడు పట్టుకుంటుందనీ మా అత్తయ్య గట్టిగా చెబుతున్నారు. ఇందులో నిజమెంత?


జవాబు: చెవులపిల్లుల ఇల్లు (హైదరాబాద్)

జున్నూ మిరియమూ గారూ, ముందుగా మీరు సోమవారం చేసిన పని సరైనదే అని చెప్పాలి. ఆకులు ఆపి ఎండుగడ్డి మీద ఉంచడం వల్లనే మిరియం తేరుకుంది. అయితే ఆదివారం జరిగిన పొరపాటు పాలకూరదో క్యాబేజీదో కాదు. ఒకే పూట నాలుగు కొత్త పదార్థాలు వాటి కడుపులోకి వెళ్లాయి; వాటిలో ఏది పడలేదో ఇప్పుడు తెలుసుకుందామన్నా దారి లేదు. పిల్లలకు ఏ కొత్త తిండి అయినా ఒక్కొక్కటిగా పెట్టమని అనడంలో సగం కారణం జీర్ణశక్తి, మిగతా సగం ఈ లెక్క తెలియడం.

ఎండుగడ్డి సంగతి ముందు తేల్చుకుందాం, ఎందుకంటే కుందేలు తిండిలో నాలుగింట మూడు వంతులకు పైగా అదే ఉండాలి. ప్రతిరోజూ ఒక్కొక్క పిల్లకు దాని ఒళ్లంత కుప్ప వేయండి, రాత్రికి తరిగితే మళ్లీ నింపండి. వాటి పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, వాటిని అరగదీసేది గడ్డి నమలడమే. గడ్డి సరిపోతున్నదో లేదో పెంటికే చెబుతుంది: ఆరిన పెంటికను రెండు వేళ్ల మధ్య నలిపి చూడండి, గడ్డి బాగా తినే పిల్లదైతే లేత గోధుమ రంగులో రంపపు పొట్టులా పొడిపొడిగా రాలుతుంది. నల్లగా, గట్టిగా, చిన్నగా ఉండి జిగటగా నలిగితే గడ్డి తక్కువై పెల్లెట్లు ఎక్కువయ్యాయని అర్థం. మొదట్లో ఇది చేయడానికి మా వారు ముఖం చిట్లించేవారు. ఇప్పుడు పొద్దున్నే కాఫీకి ముందు ఆయనే చూసి వస్తారు.

ఆకుకూరలకు 12 వారాల వయస్సు దాకా ఆగమని ఎక్కువమంది చెబుతారు. తల్లి ఆకులు తింటూ ఉండగా, గూడులో దాని పక్కనే ఉండి రుచి చూసిన పిల్లలకు అంతకంటే ముందే పెట్టినా ఇబ్బంది ఉండదు. మీ పిల్లలు దుకాణం నుంచి వచ్చాయి. తల్లి ఏం తిన్నదో, పాలు ఎప్పుడు మానిపించారో, 40 రోజులన్న మాటే నిజమో కాదో మీకు తెలియదు. అందుచేత నేనైతే మరో రెండు వారాలు ఏ కొత్తదీ పెట్టకుండా, పెంటికలు వరుసగా 14 రోజులు గట్టిగా, గుండ్రంగా వచ్చాయని చూసుకొని, అప్పుడు మొదలుపెడతాను.

మొదటి ఆకుగా కొత్తిమీర మంచిది. రెండు రెమ్మలు, అంతే. ఉదయం పూట పెట్టండి, రోజంతా గమనించడానికి వీలుంటుంది. రాత్రి పెడితే తేడా వచ్చినా తెల్లారే వరకు తెలియదు. మూడు రోజులు అదే ఆకు, అదే మోతాదు. పెంటికల్లో మార్పు లేకపోతే నాలుగో రోజు నాలుగు రెమ్మలు చేసి, వారం తర్వాత దానికి పుదీనాను జత చేయండి. గోడ మీది క్యాలెండరులో ఆ రోజు గడిలో ఆకు పేరు రాసి, సాయంత్రం పక్కన టిక్కు పెట్టడం నా అలవాటు. నాలుగు నెలలు తిరిగేసరికి మా కుందేలుకు మెంతికూర పడుతుందనీ, కాలీఫ్లవర్ ఆకు పడదనీ ఆ క్యాలెండరే చెప్పింది. పెద్దదానికి పెట్టే మోతాదుకు, అంటే సుమారు కిలో బరువుకు ఒక పెద్ద కప్పు ఆకులకు, ఐదారు నెలల వయస్సు నాటికి చేరితే చాలు, తొందరేమీ లేదు.

కొత్తిమీర, పుదీనా తర్వాత తులసి, క్యారెట్ ఆకులు, ముల్లంగి ఆకులు, మెంతికూర వరుసగా ప్రయత్నించవచ్చు. పాలకూర, తోటకూర, చుక్కకూర, గోంగూర, గంగవాయలి కూరల్లో ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ. అవి విషమని కాదు, కానీ రోజూ పెట్టదగినవి కావు, పసి పిల్లలకు మొదటి ఆకులుగా అసలే పనికిరావు. మునగాకు పోషకాల గని, కాకపోతే కాల్షియం బాగా ఎక్కువ. వారానికి ఒకటి రెండు రెమ్మలు చాలు. క్యాబేజీ వల్ల కొన్నిటికి గ్యాసు పడుతుంది, కుందేలు ఆ గ్యాసును త్రేన్పుగా వదిలించుకోలేదు. క్యారెట్ దుంప తీపి వస్తువు, దానిని తిండిగా కాక బెల్లం ముక్కలా చూడండి.

మీ అత్తయ్య గారి మాటకు వస్తే, నీళ్లు పెట్టకూడదన్నది పూర్తిగా పొరపాటు. ఎండుగడ్డి తినే జంతువుకు నీళ్లు లేకపోతే పేగులో మేత ఎండి గట్టిపడి కదలకుండా నిలిచిపోతుంది. బరువైన మట్టి మూకుడులో రోజూ తాజా నీళ్లు ఉంచండి. విజయవాడ ఎండల్లో రెండు సార్లు మార్చండి. తడి ఆకు విషయంలో మాత్రం ఆవిడ అనుభవాన్ని కొట్టిపారేయలేను. కడిగి నీరు దులిపి పెట్టిన ఆకు ఏ హానీ చేయదు, కానీ తడితో కట్ట కట్టి కవరులో ఉంచిన ఆకు లోపల వేడెక్కి పులుస్తుంది. అలాంటి ఆకు తింటే పారుడు తప్పదు. పాలు పోసే ఆయన ఇచ్చిన కట్ట మధ్యలో చెయ్యి పెట్టి చూసి ఉంటే వెచ్చగా తగిలేదేమో.


జవాబు: పశువైద్య విద్యార్థిని (తిరుపతి)

పై సమాధానంతో నేను ఏకీభవిస్తున్నాను. ఈ వయస్సులోనే ఇంత జాగ్రత్త ఎందుకన్నది కాస్త వివరిస్తాను. పాలు తాగే దశలో కుందేలు పిల్ల జీర్ణాశయంలో ఆమ్లత తక్కువగా ఉంటుంది, పీహెచ్ (ఆమ్లతను చెప్పే అంకె, అది తగ్గేకొద్దీ ఆమ్లత ఎక్కువ) 5 నుంచి 6.5 వరకు. పెద్ద కుందేలు జీర్ణాశయంలో అది 1 నుంచి 2 మధ్య ఉంటుంది, అంటే లోపలికి వెళ్లిన సూక్ష్మక్రిములు చాలావరకు అక్కడే చస్తాయి. పసిపిల్లను అంతకాలం కాపాడేది తల్లి పాలలోని కొవ్వుల నుంచి ఏర్పడే కొన్ని ఆమ్లాలు. పాలు మానిన తర్వాత ఆ రక్షణ పోతుంది, కొత్త రక్షణ పూర్తిగా కుదురుకోవడానికి కొంత కాలం పడుతుంది. దుకాణాలకు నాలుగైదు వారాలకే చేరే పిల్లలు సరిగ్గా ఆ సందులో ఉంటాయి. దానికి తోడు ప్రయాణం, కొత్త ఇల్లు, కొత్త మేత.

గడ్డిని జీర్ణం చేసే పని చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట ఉండే సీకమ్ అనే పెద్ద సంచిలో జరుగుతుంది. అక్కడి మేలు చేసే సూక్ష్మజీవులు తాము రోజూ చూసే మేతకు అలవాటు పడి ఉంటాయి. ఒక్కసారిగా పిండిపదార్థమో చక్కెరో ఎక్కువగా వచ్చి పడితే హాని చేసే క్రిములు పెరిగి విషం తయారుచేస్తాయి. కనుక మీ పెల్లెట్లలో మొక్కజొన్న పలుకులు, రంగురంగుల బిళ్లలు కలిసి ఉంటే వాటిని కూడా మార్చాలి, కానీ ఆకులు మొదలుపెట్టే వారంలో కాదు. పాతవీ కొత్తవీ కలుపుతూ పది రోజుల్లో మార్చి, ఒక వారం ఊరుకొని, ఆ తర్వాతే కొత్తిమీర రెమ్మ చేతికి తీసుకోండి.

పెంచేవాళ్లు తరచుగా పొరపడే విషయం ఒకటుంది. కుందేళ్లు రెండు రకాల మలం వేస్తాయి. గుండ్రటి పొడి పెంటికలు అందరికీ తెలిసినవే. రెండోది చిన్న ద్రాక్షగుత్తిలా, నల్లగా మెరుస్తూ, ఘాటైన వాసనతో ఉంటుంది. దానిని కుందేలు నేరుగా తోక కింద నుంచే నోటితో అందుకొని తినేస్తుంది, అందులోని విటమిన్లు, మాంసకృత్తులు దానికి అవసరం. మేత బలమైనదై ఎక్కువైనప్పుడు దానిని తినకుండా వదిలేస్తుంది, అది అడుగున నలిగి బొచ్చుకు అంటుకుంటుంది. మిరియం విషయంలో జరిగింది ఇదే కావచ్చు. నీళ్లలా పారే విరేచనం వేరు, రెండు నెలల పిల్లలో అది గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఈ వయస్సు పిల్లల్లో పారుడుకు కాక్సిడియా అనే పరాన్నజీవి చాలా సాధారణమైన కారణం, ఇరుకు పంజరాల్లో గుంపుగా పెరిగిన పిల్లల్లో మరీ ఎక్కువ. ఆకుకూర నెపం మీద అది దాగిపోతుంది. కాబట్టి తాజా పెంటికలు నాలుగు చిన్న డబ్బాలో వేసి దగ్గరలోని పశువైద్యశాలలో పరీక్ష చేయించండి. సూక్ష్మదర్శిని కింద గుడ్లు కనిపిస్తే మందు ఉంది. పిల్ల మేత ముట్టకుండా మూలన ముడుచుకొని కూర్చున్నా, పళ్లు కొరుకుతున్నా, పొట్ట బిగుసుకున్నా మరుసటి రోజు దాకా ఆగవద్దు. మనుషుల మందుల డబ్బాలోని అమాక్సిసిలిన్ వంటివి నోటి ద్వారా అస్సలు వేయకండి, అవి కుందేలు పేగులోని మేలు చేసే క్రిములను చంపి కుందేలునే చంపుతాయి.


జవాబు: గరికపాదు (కడప జిల్లా)

పదేళ్లుగా మేకలతో పాటు కుందేళ్లను కూడా పెంచుతున్నాను, కనుక గడ్డి గురించి నాకు తెలిసినది రాస్తాను. అంతకు ముందు ఒక చిన్న విభేదం. మా షెడ్డులో పిల్లలు మూడో వారంలో గూటి పెట్టె నుంచి బయటికి వచ్చి తల్లి నోటి దగ్గరి పచ్చిగడ్డినే కొరుకుతాయి, 12 వారాలు ఎవరూ ఆగరు. అవి హాయిగానే పెరుగుతాయి. ఆకు అంటేనే భయపడాల్సిన పని లేదని నా అభిప్రాయం. తల్లి దగ్గర నేర్చుకోని పిల్లల విషయం వేరని పైన రాసినది మాత్రం ఒప్పుకుంటాను.

వరిగడ్డి కింద పరచడానికి బాగుంటుంది, మేతగా నిలవదు. గింజ తీసేసిన పైరు కనుక అందులో మాంసకృత్తులు నూటికి నాలుగు పాళ్ల దరిదాపుల్లోనే ఉంటాయి, ఇసుక అంశం ఎక్కువ. ఎదిగే పిల్లకు అది పెడితే పొట్ట నిండుతుంది కానీ ఒళ్లు పట్టదు.

గరిక అలా కాదు. తిమోతి చలి దేశాల గడ్డి, మన ఎండలకు మనదైన గడ్డి గరికే. కుక్కలు తిరిగే రోడ్డు పక్కన గానీ, కలుపు మందు కొట్టిన గట్ల మీద గానీ కోయకండి. మంచు ఆరిన తర్వాత కోసి, మేడ మీద నీడలో పలుచగా పరచి, రోజుకు రెండు సార్లు తిరగేస్తే రెండు మూడు రోజుల్లో ఎండుతుంది. పిడికెడు తీసి మెలిపెడితే పెళపెళమనాలి, రంగు ఇంకా పచ్చదనం మీద ఉండాలి, వాసన తియ్యగా రావాలి. ఎర్రటి ఎండలో మాడ్చితే పసుపు పచ్చటి పుల్లలు మిగులుతాయి, కుందేలు మూతి తిప్పుకుంటుంది. గోనె సంచిలో నింపి నేల తగలకుండా చెక్క మీద పెట్టండి. ప్లాస్టిక్ కవరులో కడితే చెమ్మ పట్టి వారంలో బూజు వస్తుంది. సంచి విప్పగానే ముక్కుకు ముక్కిన వాసన తగిలినా, దులిపితే తెల్లటి దుమ్ము లేచినా మొత్తం పారేయండి.

లూసర్న్ పప్పుజాతికి చెందిన బలమైన మేత. గేదెకే పచ్చి లూసర్న్ ఎక్కువైతే పొట్ట ఉబ్బుతుంది, 700 గ్రాముల పిల్ల సంగతి చెప్పాలా? ఎండబెట్టి రోజుకు ఒక చిన్న గుప్పెడు, ఆరు నెలల వయస్సు దాకా పెడితే ఎముకకు మంచిది. దశరథ గడ్డి కూడా పప్పుజాతిదే, అదీ ఇలాగే వాడాలి. సుబాబుల్ జోలికి వెళ్లకండి, దానిలోని మైమోసిన్ అనే విషపదార్థం వల్ల కుందేళ్లకు బొచ్చు రాలుతుంది. లేత జొన్న పైరు కూడా వద్దు. నీటి ఎద్దడి పడిన లేత జొన్న తిని పశువులు పడిపోవడం మా వైపు అందరూ చూసిందే.

వినాయక చవితి దగ్గర పడినప్పుడు గుర్తు పెట్టుకోండి: పూజ అయ్యాక పత్రి మొత్తం కుందేళ్ల ముందు పోసే ఇళ్లున్నాయి. ఆ 21 పత్రాల్లో గరికతో పాటు ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు కూడా ఉంటాయి. గరిక పోచలు కూడా ఆ పత్రి నుంచి ఏరి పెట్టవద్దు, వాటికి ఆ విషపు ఆకుల పాలు, రసం అంటి ఉంటాయి.


జవాబు: చెవులపిల్లుల ఇల్లు (హైదరాబాద్)

గరికపాదు గారూ, తల్లి దగ్గర పెరిగిన పిల్లల విషయంలో మీదే సరైన మాట, నేను దుకాణపు పిల్లలను దృష్టిలో పెట్టుకొనే అంత ఆలస్యం చెప్పాను. లూసర్న్ గురించి ఒక్కటి కలుపుతాను. కొనే పెల్లెట్లు లూసర్న్‌తో చేసినవైతే (సంచి మీద ఆల్ఫాల్ఫా అని ఉంటుంది, రెండూ ఒకటే) విడిగా లూసర్న్ గడ్డి వేయనక్కరలేదు. కుందేలు తిండిలో వచ్చిన కాల్షియంలో ఎక్కువ భాగాన్ని ఒంటికి పట్టించుకొని, అక్కరలేనిది మూత్రంలో వదిలేస్తుంది. మూత్రం ఆరిన చోట సున్నం పూసినట్టు తెల్లటి పొర ఎక్కువగా కనిపిస్తే కాల్షియం మోతాదు మించిందని గ్రహించాలి.

పిల్లగా ఉన్నప్పుడే రెండు మూడు రకాల గడ్డి రుచి చూపించడం మాత్రం మరిచిపోకండి. నా మొదటి కుందేలుకు రెండేళ్లు లూసర్న్ తప్ప వేరే గడ్డి చూపించలేదు. తర్వాత తిమోతికి మార్చడానికి నాకు రెండు నెలలు పట్టింది. కుప్పలో నుంచి లూసర్న్ ఆకులు మాత్రమే ఏరుకొని, మిగతాదాని మీద మూత్రం పోసి, నన్ను చూస్తూ కూర్చొనేది.


జవాబు: బెర్ముడా గడ్డి (డల్లాస్)

గరిక చర్చ చూసి ఆగలేక రాస్తున్నాను. టెక్సాస్‌లో గుర్రాలకు, ఆవులకు విరివిగా వేసే కోస్టల్ బెర్ముడా అనే గడ్డి మన గరిక జాతిదే. మా కుందేలు మూడేళ్లుగా తిమోతితో కలిపి దానినే తింటోంది. మా అబ్బాయికి తిమోతి దుమ్ముతో తుమ్ములు ఆగకపోతే ఆర్చర్డ్ అనే మరో గడ్డికి కూడా మారి చూశాం, ఇంట్లో ఎవరికైనా ఆ ఇబ్బంది ఉంటే అది ఒక దారి. మార్చేటప్పుడు మొదటి నాలుగు రోజులు పాతది మూడు పాళ్లు, కొత్తది ఒక పాలు. తర్వాత సగం సగం. రెండు వారాలకు పూర్తిగా కొత్తది. గడ్డి నుంచి గడ్డికి మారడం ఆకుల అంత సున్నితమైన వ్యవహారం కాదు, అయినా పసిపిల్లలకు ఈ లెక్క పాటించడమే మేలు. రెండిటినీ వేళ్లతో బాగా కలిపి, పుదీనా ఆకు నలిపి ఆ చేత్తోనే గడ్డిని దులిపితే కొత్త వాసనకు బెదరకుండా తింటాయి. పుదీనా వాటికి అలవాటైన తర్వాతే ఈ పని చేయండి.


ప్రశ్న అడిగినవారి నుంచి: జున్నూ మిరియమూ (విజయవాడ), ఐదు వారాల తర్వాత

అందరికీ కృతజ్ఞతలు. పెంటికల పరీక్షలో మిరియానికి కాక్సిడియా ఉందని తేలింది, జున్నుకు కూడా కొద్దిగా ఉంది. డాక్టరు గారు ఇద్దరికీ మందు ఇచ్చారు, పంజరం అడుగు రోజూ వేడినీళ్లతో కడిగి ఎండలో ఆరబెట్టమన్నారు. అంటే ఆ సోమవారం తప్పంతా నేను పెట్టిన ఆకుల పళ్లెందే కాకపోవచ్చు, అయినా దానిని నేను సమర్థించుకోవడం లేదు.

మందు పూర్తయి, పెల్లెట్లు మార్చి, పెంటికలు రెండు వారాలు నిలకడగా వచ్చాకే ఆకుల దగ్గరికి వెళ్లాం. కొత్తిమీర ఇద్దరికీ పడింది. పుదీనా జున్నుకు ప్రాణం, మిరియం వాసన చూసి వెనక్కి తిరిగి కూర్చుంటుంది. మెంతికూర ఇంకా మొదలుపెట్టలేదు, క్యాలెండరులో వచ్చే సోమవారం గడిలో రాసి ఉంచాం. గరికను మేడ మీద ఎండబెట్టే పని మా అత్తయ్య గారు తీసుకున్నారు. నీళ్ల మూకుడు విషయంలో ఆవిడ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు కానీ, అది ఖాళీ అయితే నాకంటే ముందు ఆవిడే నింపుతున్నారు. ప్రస్తుతం తిమోతి సగం, గరిక సగం నడుస్తున్నది. నిన్న తూచితే జున్ను 1 కిలో 340 గ్రాములు, మిరియం 1 కిలో 260 గ్రాములు. గిన్నె చిన్నదై త్రాసు మీద ఇత్తడి తాంబాళం పెట్టాల్సి వచ్చింది.